ర్యూ రెండు అరచేతులూ కలుస్తున్నాయా?
గేమ్ బొమ్మల మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నాది వరంగల్. చిన్నప్పుడు వీడియో గేమ్ పార్లర్‌లో స్ట్రీట్ ఫైటర్ 2 ఆడీ ఆడీ ఇంట్లో దెబ్బలు తిన్న బ్యాచ్ మాది. ఇప్పుడు జాడా టాయ్స్ వాళ్లు ఆ ఆట హీరో ర్యూకి చేసిన బొమ్మ చూశాక మనసాగట్లేదు. అమెరికాలో ఉన్న మా చెల్లెలు సంక్రాంతికి వస్తూ తెస్తానంటోంది, అక్కడ పాతిక డాలర్ల దాకా ఉందట. ఫొటోల్లో అన్ని బొమ్మలూ బాగానే ఉంటాయి కదండీ, నిజంగా మంచిదో కాదో తేల్చుకోవడం ఎలా?

జవాబు: తెప్పించుకోండి. ఆ ధరలో అంత పని చేసే ఫైటింగ్ గేమ్ బొమ్మ ఇంకోటి చెప్పమంటే నాకు వెంటనే తట్టదు. అయితే ఎందుకు మంచిదో మీ కంటితో మీరే తేల్చుకోవడం నేర్చుకోండి, రేపు అదే ఆటలోని చున్ లీ కొన్నా, వేరే కంపెనీ బొమ్మ కొన్నా అదే పనికొస్తుంది.

సినిమా హీరో బొమ్మకి ముఖం కుదిరితే సగం పని అయిపోయినట్టే. గేమ్ పాత్ర సంగతి వేరు. 1991లో క్యాప్‌కామ్ స్ట్రీట్ ఫైటర్ 2 వదిలినప్పుడు పార్లర్ తెర మీద ర్యూ ముఖం ఎంతుండేదో మీకు గుర్తుండే ఉంటుంది, కళ్లూ ముక్కూ విడివిడిగా కనపడటమే కష్టం. కానీ కింద, కింద-ముందు, ముందు, పంచ్ అని జాయ్‌స్టిక్ తిప్పి నొక్కగానే రెండు అరచేతులూ ముందుకొచ్చి నీలం మంట బయల్దేరేది చూడండి, మనకి ర్యూ అంటే అదే. కాబట్టి గేమ్ బొమ్మని చూసేటప్పుడు నేను వేసే మొదటి ప్రశ్న ఒక్కటే: ఆటలో ఆ మనిషి ఏం చేస్తాడో అది ఈ బొమ్మ చెయ్యగలదా? మిగతావన్నీ దాని తర్వాతే.

ఆ నీలం మంట దెబ్బ పేరే హడోకెన్, బొమ్మని ఆ భంగిమలో పెట్టి చూడండి. వినడానికి తేలికే, బొమ్మలు తయారుచేసేవాళ్లకి మాత్రం పెద్ద పరీక్ష. ర్యూ ఛాతీ వెడల్పు, భుజాలు కండపట్టి ఉంటాయి, ఆ కండే చేతుల్ని ముందుకు రానివ్వదు. భుజం బంతికీలు ఒక్కటే ఉంటే రెండు చేతులూ సమాంతరంగా ముందుకు చాచుకుని నిలబడతాయి తప్ప మణికట్లు దగ్గరికి రావు. భుజం మొత్తాన్ని ఛాతీ లోపలికి ముందుకు తోసే కీలు ఒకటి ఉంటుంది, కలెక్టర్లు దాన్ని బటర్‌ఫ్లై జాయింట్ అంటారు. అది ఉండి, మోచేతి దగ్గర రెండు మడతలు పడి, మణికట్టు పైకీ కిందకీ వంగితేనే రెండు అరచేతుల మొదళ్లు ఒకదానికొకటి ఆనుకుని వేళ్లు పువ్వులా విచ్చుకుంటాయి. చేతులు కలిశాక కిందికి రండి. ముందుకాలు మోకాలి దగ్గర వంగాలి, వెనకకాలు చాచి ఉండాలి, అంత వెడల్పుగా నిలబడ్డాక కూడా రెండు పాదాలూ నేలకి పూర్తిగా అంటుకోవాలి. ఇక్కడే చాలా బొమ్మలు దొరికిపోతాయి. చీలమండ పక్కకి వాలకపోతే బొమ్మ పాదం అంచు మీద నిలబడి, రెండు నిమిషాలకి షెల్ఫ్‌లో బోర్లా పడుతుంది. గీ అంచు, అదే కరాటే దుస్తుల్లో బెల్టు కింద వేలాడే ఆ చొక్కా భాగం, గట్టి ప్లాస్టిక్‌తో చేస్తే తొడ పైకి లేవదు, మెత్తటిదైతే కాలితోపాటు వంగుతుంది. వేలితో నొక్కి చూస్తే తెలిసిపోతుంది.

ఎగిరి పైకి గుద్దే షోర్యుకెన్ దెబ్బకి ఒక చెయ్యి నిలువుగా తలపైకి పోవాలి, తల వెనక్కి వాలి ఆ పిడికిలి వైపు చూడాలి. మెడ వెనక జుట్టు అడ్డొస్తోందేమో చూడండి. గాల్లో గిరగిరా తిరిగే టట్సుమాకి తన్నుకి మాత్రం ఏ బొమ్మకైనా విడిగా స్టాండ్ కావాలి, అది లేదని బొమ్మని తప్పుపట్టకండి.

తర్వాత చూడాల్సింది, ఇది ఏ ఆటలోని ర్యూ అని. 1987 నాటి మొదటి స్ట్రీట్ ఫైటర్‌లో ర్యూది ఎర్రజుట్టు, తలకి తెల్లపట్టీ, కాళ్లకి బూట్లు. రెండో ఆట నుంచి మనకి తెలిసిన నల్లజుట్టు, ఎర్రపట్టీ, ఉత్తకాళ్లు. 2023లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 6లో గడ్డం పెంచి, ఒక భుజం మీదుగా వస్త్రం కప్పుకుని పెద్దమనిషిలా కనిపిస్తాడు. జాడా వాళ్ల బొమ్మకి ఆధారం అల్ట్రా స్ట్రీట్ ఫైటర్ 2, అంటే మీ పార్లర్ ర్యూనే. గడ్డం లేదని, ముఖంలో వయసు లేదని విమర్శించేవాళ్ల మాట పట్టించుకోకండి, వాళ్లు వేరే ఆట బొమ్మతో పోల్చి చూస్తున్నారు.

కొలత కూడా చూడాలి. ఇది 1/12 స్కేలు. ర్యూ ఎత్తు 175 సెంటీమీటర్లని క్యాప్‌కామే చెబుతుంది, పన్నెండుతో భాగిస్తే పద్నాలుగున్నర చిల్లర. స్కేలు పెట్టి కొలవండి. మిల్లీమీటర్ల తేడా పెద్ద విషయం కాదు కానీ, రేపు అదే ఆటలో రెండు మీటర్లు దాటిన మల్లయోధుడు జాంగీఫ్‌ని పక్కన నిలబెడితే ర్యూ అతని గడ్డం దాకా కూడా రాకూడదు. ఆ తేడా పాటించిన సిరీసే షెల్ఫ్ మీద ఆటలా కనిపిస్తుంది.

రంగు విషయంలో తెల్లబట్టలే అసలు పరీక్ష. మడతల్లో కాస్త బూడిదరంగు నీడ వేశారా, చిరిగిన భుజాల అంచుల దగ్గర చర్మం రంగు బట్ట మీదకి పొంగిందా, కనుబొమలు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయా చూసుకోండి. చెల్లెల్ని షాపుకే వెళ్లి కొనమనండి, అక్కడ నాలుగు డబ్బాలుంటే కిటికీలోంచి నాలుగు ముఖాలూ చూసి ఒకటి ఎంచుకోవచ్చు. ఒకే బ్యాచ్‌లో వచ్చినా కళ్ల ముద్ర ఒక్కో దాంట్లో ఒక్కోలా పడుతుంది. అదనపు తల, మార్చుకునే చేతులు, పారదర్శకమైన నీలం హడోకెన్ ముక్క డబ్బాలోనే వస్తాయి. వేరే బ్రాండ్లవి, ఎస్.హెచ్.ఫిగువార్ట్స్ ర్యూ కానీ, స్టార్మ్ కలెక్టిబుల్స్ ర్యూ కానీ కొనాలంటే దీనికి రెండుమూడింతలు పెట్టాలి. వాటి కీళ్ల నునుపు, రంగుల పనితనం మెరుగే, ఒప్పుకుంటాను. కానీ తేడా మూడింతలుండదు.

ఇంకో మాట, చెల్లెలి సామాన్లో తెప్పించుకోవడమే మేలు. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెరిగింది. కొరియర్లో తెప్పించాలనుకునేవాళ్లు ముందు అప్పటి రేటు కనుక్కుని, కొరియర్ ఖర్చూ కలిపి లెక్క వేసుకోండి.

ప్రశ్న: సార్, లెజెండ్ ఆఫ్ జెల్డా ఆటల హీరో లింక్ బొమ్మ, ఫిగ్మా వాళ్లది ఒకటి ఆన్‌లైన్‌లో పన్నెండు వందలకి దొరికింది. స్కైవర్డ్ స్వోర్డ్ వెర్షన్ అని రాశారు. చెయ్యి తిప్పబోతే మణికట్టు విరిగింది. అమ్మినవాణ్ని అడిగితే ‘మీరు గట్టిగా తిప్పారు’ అంటున్నాడు. తప్పు నాదేనా? – కాకినాడ పాఠకుడు

జవాబు: మీ తప్పు కాదండీ. మీ చేతికి వచ్చింది నకిలీ అనే నాకు గట్టిగా అనిపిస్తోంది.

ఫిగ్మా అనేది జపాన్‌లోని మ్యాక్స్ ఫ్యాక్టరీ 2008లో మొదలుపెట్టిన, కీళ్లు కదిలే బొమ్మల సిరీస్, గుడ్ స్మైల్ కంపెనీ ద్వారా అమ్ముతారు. స్కైవర్డ్ స్వోర్డ్ లింక్ అందులో 153వ నంబరు, 2012లో వచ్చింది. ఆ రోజుల నుంచే దానికి విపరీతమైన గిరాకీ, అందుకే ఎక్కువగా నకిలీలు వచ్చిన ఫిగ్మాల్లో అదీ ఒకటి. ఈ రోజు కొత్త ఫిగ్మా ఏదైనా జపాన్‌లోనే పదివేల యెన్లకి అటూ ఇటూగా ఉంటోంది, అంటే మన డబ్బుల్లో ఐదు వేలు దాటుతుంది. అంత గిరాకీ ఉన్న బొమ్మ కొత్తది పన్నెండు వందలకి వస్తోందంటే అక్కడే ఆగిపోవాలి.

ఇప్పుడు మీ దగ్గరున్న డబ్బా తీసి చూడండి. మ్యాక్స్ ఫ్యాక్టరీ, గుడ్ స్మైల్ పేర్లు, నింటెండో కాపీరైట్ లైను ఉన్నాయా, ఉంటే ఆ చిన్న అక్షరాలు స్పష్టంగా ఉన్నాయా, అలుక్కుపోయాయా? అసలు ఫిగ్మాతో కీలున్న పారదర్శకమైన స్టాండూ, విడిభాగాలు దాచుకోవడానికి ఫిగ్మా పేరు ముద్రించిన చిన్న జిప్ కవరూ వస్తాయి. నకిలీవాళ్లు సాధారణంగా ఆ కవరు దగ్గర కక్కుర్తిపడతారు. బొమ్మ ముఖాన్ని ట్యూబ్‌లైటు కింద పెట్టండి. అసలుదాని చర్మం మెరవదు, పొడిగా ఉంటుంది. నకిలీది నూనె రాసినట్టు మెరుస్తుంది. డబ్బా తెరవగానే ఘాటుగా కిరోసిన్ లాంటి వాసన కొట్టిందా? అది కూడా రాసుకోండి.

విరగడం గురించి కూడా చెబుతాను. మణికట్టు దగ్గర ఉండేది అగ్గిపుల్లకంటే సన్నటి పుడక. అసలు కంపెనీ దానికి సరిపడే గట్టి ప్లాస్టిక్ వాడుతుంది, నకిలీదాంట్లో చేతికి దొరికిన ప్లాస్టిక్ పోస్తారు, పైగా కీలు లోపల పెయింట్ అంటుకుని గడ్డకట్టి ఉంటుంది. అసలు బొమ్మ అయినా సరే, కొత్తగా తీసినప్పుడు కీలు బిగుసుకుంటే బలంగా తిప్పకూడదు. వేడినీళ్లలో, మరిగే నీళ్లు వద్దు, చెయ్యి పెట్టగలిగినంత వేడిలో ఒకటి రెండు నిమిషాలు ముంచి మెల్లగా కదపాలి.

డబ్బు వెనక్కి అడగండి. ‘విరిగింది’ అని రాస్తే వాదన పెడతాడు, ‘నకిలీ సరుకు పంపారు’ అని ఫొటోలతో రాయండి. అప్పటికీ వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి.

అన్నట్టు లింక్ కొనేవాళ్లందరికీ ఒక చిట్కా. పాత ఆటల్లో లింక్ ఎడమచేతివాటం మనిషి. నింటెండో వీ (Wii) గేమ్ యంత్రం కంట్రోలర్‌ని కత్తిలా తిప్పి ఆడాలి కాబట్టి, ఎక్కువమంది కుడిచేత్తో పట్టుకుంటారు కాబట్టి, 2011 నాటి స్కైవర్డ్ స్వోర్డ్‌లో అతని కత్తి కుడిచేతికి మారింది. ఏ ఆట లింక్ అని పేరు రాసి ఏ చేతికి కత్తిపట్టే పిడికిలి ఇచ్చారో చూస్తే, చేసినవాళ్లు ఆట ఆడి చేశారా, బొమ్మ చూసి అచ్చు పోశారా అన్నది తెలిసిపోతుంది.

ప్రశ్న: నెకా కంపెనీ క్రేటోస్ బొమ్మ (2018 గాడ్ ఆఫ్ వార్ ఆట హీరో) కొందామనుకుంటున్నాను. నా దగ్గర ఉన్నవన్నీ ఆరంగుళాల బొమ్మలు. పక్కన పెడితే బాగుంటుందా? – నెల్లూరు

జవాబు: పక్కన పెడితే ఎబ్బెట్టుగా ఉంటుంది. నెకావాళ్లది ఏడంగుళాల స్కేలు, క్రేటోస్ అసలే భారీ మనిషి, మీ ఆరంగుళాల వాళ్లంతా అతని ముందు పిల్లల్లా కనిపిస్తారు. వేరే షెల్ఫ్ ఇవ్వండి.

నెకా బలం చెక్కడంలో ఉంది, కదలికలో కాదు. గడ్డం వెంట్రుకలు, తోలు పట్టీల కుట్లు, కండల మీద గాట్లు దగ్గర నుంచి చూస్తే ఆ ధరకి ఆశ్చర్యం వేస్తుంది. మోచేతులు మాత్రం జపాన్ బొమ్మల్లా వంగవు, అతని లెవియాథన్ గొడ్డలిని రెండు చేతులతో పట్టించాలంటే ఓపిక కావాలి. కొనేముందు ఎర్ర పచ్చబొట్టు చూడండి. అది ఎడమకంటి మీదుగా తలపైకి పోతుంది, ఎడమ భుజం మీదుగా చేతిలోకి దిగుతుంది. చెయ్యి మామూలుగా దించి ఉన్నప్పుడు భుజం కీలు దగ్గర ఆ చార రెండు ముక్కలూ కలవాలి. చెయ్యి ఎత్తితే ఎటూ తెగుతుంది, దించినప్పుడు కూడా కలవకపోతే ఇంకో డబ్బా అడగండి.

ప్రశ్న: విజయవాడలో ఉంటాం. మూడేళ్ల కిందట కొన్న బొమ్మలు డబ్బాల్లోనే బీరువాలో దాచాను. మొన్న తీస్తే జిగురు జిగురుగా ఉన్నాయి, ఒకదాని కత్తి అరటాకులా వంగిపోయింది. పాడైపోయినట్టేనా మేడమ్? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: చాలావరకు బాగుచెయ్యొచ్చు, టెన్షన్ పడకండి. ఈ బొమ్మల జుట్టు, బట్టలు, చర్మం ఎక్కువగా పీవీసీ. అది మెత్తగా ఉండటానికి కలిపే రసాయనం వేడికి మెల్లగా పైకి వస్తుంది. గాలాడని డబ్బాలో, విజయవాడ ఎండల్లో, అది ఆవిరై పోవడానికి దారిలేక బొమ్మ మీదే పేరుకుంటుంది. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేసి మెత్తటి బ్రష్షుతో కడిగి, ఫ్యాన్ కింద బాగా ఆరనివ్వండి. మళ్లీ కొన్నాళ్లకి రావచ్చు, అప్పుడు మళ్లీ కడగండి. థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్ దగ్గరికి కూడా రానివ్వద్దు, రంగు ఊడొస్తుంది. కత్తిని వేడినీళ్లలో ముంచి, మెత్తబడ్డాక తిన్నగా పట్టుకుని, వెంటనే చన్నీళ్లలో పెట్టండి, ఆ ఆకారంలోనే గట్టిపడుతుంది.

బీరువా అన్నారు కదా, కలరా ఉండలు వేశారా? చీరల మధ్య వేసినట్టు బొమ్మల దగ్గర వెయ్యకండి. ఆ ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ని కరిగించి అతుక్కుపోయేలా చేస్తుంది. తేమ కోసమైతే సిలికా జెల్ పొట్లాలు చాలు. తోలు కోటు తొడిగిన ఖరీదైన బొమ్మలుంటే వాటిని అస్సలు మూసిపెట్టకండి, అది ఎక్కువగా అసలు తోలు కాదు, పీయూ అనే ప్లాస్టిక్ పూత పూసిన బట్ట. మన కోస్తా తేమకి కొన్నేళ్లలో పెచ్చులూడుతుంది, ఒకసారి మొదలైతే ఆపలేం. వీలైతే గాలాడే గాజు అల్మరాలో, ఎండ నేరుగా పడని గోడకి పెట్టండి. ఎండ పడితే తెల్లప్లాస్టిక్ పసుపుపచ్చగా మారుతుంది.

ప్రశ్న: సీలు విప్పకుండా దాస్తే గేమ్ బొమ్మల ధర పెరుగుతుందని మా రూమ్మేట్ ఒకటే పోరు. నిజమా? – గచ్చిబౌలి

జవాబు: కొన్నిటికి పెరుగుతుంది, ఏవో ముందే చెప్పగలిగినవాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు. కంపెనీ మళ్లీ అదే బొమ్మ వదిలిందంటే పాతదాని ధర పడిపోతుంది, గిరాకీ ఉన్న గేమ్ పాత్రల్ని మళ్లీ మళ్లీ వదలడం ఈ వ్యాపారంలో మామూలే. అమెరికాలో ఏఎఫ్ఏ లాంటి సంస్థలు సీలు విప్పని బొమ్మకి మార్కులు వేసి అక్రిలిక్ పెట్టెలో బిగించి ఇస్తాయి. ఇక్కడి నుంచి పంపి తెప్పించుకునే ఖర్చుకి ఇంకో మంచి బొమ్మ వస్తుంది. పైగా పై జవాబు చదివారుగా, మూసిన డబ్బాలో ఏం జరుగుతోందో మీకు కనపడదు. విప్పండి. విప్పినా డబ్బా, లోపలి ట్రే, విడి చేతులు, కాగితాలు పారెయ్యకండి, ఎప్పుడైనా అమ్మాల్సి వస్తే అన్నీ ఉన్న బొమ్మకీ ఒక చెయ్యి తక్కువైన బొమ్మకీ చాలా తేడా ఉంటుంది.

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. సంక్రాంతి బొమ్మల కొలువులో తన చున్ లీ బొమ్మని పెడతానంటోంది. మా అత్తగారు ఏమంటారో అని ఆలోచిస్తున్నాను. పెట్టొచ్చా? బొమ్మ పాడవదు కదా? – రాజమండ్రి గృహిణి

జవాబు: నిక్షేపంగా పెట్టనివ్వండమ్మా. మీ అత్తగారి కొలువులో కూడా దేవుళ్ల పక్కన పెళ్లివాళ్లు, చెట్టియార్ దంపతులు, పోలీసు బొమ్మలు ఉండే ఉంటాయి. చున్ లీ కూడా పోలీసే, ఆటలో ఇంటర్‌పోల్ అధికారిణి. ఆ మాట చెప్పి మీ అమ్మాయినే నానమ్మని అడగమనండి.

పాడవకుండా ఉండాలంటే దీపాలకి, అగరొత్తులకి దూరంగా పై మెట్టు మీద పెట్టండి, ఆ వేడికి జడముడులూ, బట్టల అంచులూ వంగుతాయి, నూనెపొగ తెల్ల బూట్ల మీద పేరుకుంటుంది. పేరంటానికి వచ్చినవాళ్లు పసుపు చేతులతో ముట్టుకోకుండా చూసుకోండి. లేత రంగు పీవీసీకి పసుపు అంటితే సబ్బుకి పోదు. పొరపాటున అంటితే గోకకుండా ముందు సబ్బునీళ్లతో కడిగి, మిగిలిన మరకని రోజుకి కాసేపు పొద్దుటి ఎండ తగిలేలా పెట్టండి, పసుపు రంగు వెలుతురుకి వెలిసిపోతుంది. ఒక కాలు గాల్లో ఎత్తి తన్నుతున్నట్టు నిలబెడతానంటే మాత్రం స్టాండ్ తప్పనిసరి, లేకపోతే కింది మెట్టులోని మట్టిబొమ్మల మీద పడుతుంది.